అష్రఫున్నీసా కందిలి

తాండూరు నుంచి యాలాల్ పోయే దారిలో ఒక ఊరి సర్కారు దవాఖానలో అష్రఫున్నీసా ఆయా. పొద్దు గూకిందంటే చాలు, కందిలి చిమ్నీ తుడిచి, వెలిగించి కాన్పుల గదిలో పెట్టేది. కరెంటు ఉన్నా సరే పెట్టేది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వేవాళ్లు. నవ్వడానికేం, వాళ్ల కూతుళ్లెవరూ ఆ గదిలో పోలేదు కదా!

పోయింది ఆమె కూతురు ఖుర్షీద్. డెబ్బై నాలుగు వానాకాలంలో, నొప్పులు పడుతుండగా కరెంటు పోయింది. కందిలిలో చుక్క నూనె లేదు. "అమ్మీ, బత్తీ లావ్" అని పిల్ల చీకట్లో దీపమడిగింది. నూనె కోసం ఉరికిన తల్లి తిరిగొచ్చేసరికి అడిగే గొంతు ఆగిపోయింది. ఆగిందని అందరూ అన్నారు గానీ అష్రఫున్నీసాకు ఆగలేదు. బట్టలుతుకుతున్నా, అన్నం కలుపుతున్నా వినిపిస్తూనే ఉండేది. ఆ గొంతును ఊరుకోబెట్టడానికే ఈ కందిలి.

ఎనభై ఆరులో హైదరాబాదు కంపెనీ ఒకటి దవాఖాన మిద్దె మీద ఎండ పలకలు బిగించింది. పగటి ఎండ బ్యాటరీల్లో చేరి, కరెంటు పోయినప్పుడు కాన్పుల గదిలో ట్యూబులైటు వెలిగేది. సర్కారు కట్టడం మీద ఇంత చక్కటి పని చేశారని పరిశ్రమల సంఘం ఆ కంపెనీకి బహుమతి ప్రకటించింది. అక్కడే ఇద్దామని ముంగిట్లో షామియానా వేశారు.

ఆ పొద్దున కంపౌండర్ రాజేందర్ కందిలిని స్టోరు గదిలో పెట్టి తాళం వేశాడు.

"పెద్దోళ్లొస్తున్రు ఖాలా. గీ కందిలి కనబడితే మన ఇజ్జత్ పోతది."

"లోపట భాగమ్మకు నొప్పులొస్తున్నయి. కందిలి నీకేం అడ్డమొచ్చింది?"

"కరెంటున్నది గద, ఫికర్ చేయకు."

అతను చెప్పని మాట ఇంకొకటుంది. స్టేజీ ఎండ దీపంతోనే వెలగాలని కంపెనీ వాళ్ల ముచ్చట. గంటసేపే కదా అని కాన్పుల గదిలోని ట్యూబులైటు విప్పి, పొడుగాటి తీగ కట్టి స్టేజీ గుంజకు వేలాడదీశారు.

చీకటిపడుతుండగా, సరిగ్గా బహుమతి చేతులు మారే వేళకు కరెంటు పోయింది. ఊరంతా చీకటి, స్టేజీ మాత్రం వెలుగుతోంది.

"చూశారా, కరెంటు పోయినా మా దీపం పోలేదు!" అన్నాడు కంపెనీ పెద్దమనిషి. చప్పట్లే చప్పట్లు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా?

"ఆయమ్మా, ఏం కనబడ్తలేదు!" లోపల నర్సమ్మ అరిచింది. "దీపం..." అని మూలిగింది భాగమ్మో, ఖుర్షీదో. అష్రఫున్నీసా గడప దాటి స్టేజీ మీది వెలుగు చూసింది. కొంగు బిగించి స్టేజీ మీదికి ఉరికింది.

"ఖాలా! జర ఆగు!"

"నా బిడ్డ అడుగుతున్నదిరా!"

గుంజ నుంచి ట్యూబులైటు వెలుగుతుండగానే ఊడదీసి, తీగ ఈడ్చుకుంటూ గదిలోకి పోయింది. స్టేజీ మీద పెద్దలు షీల్డు పట్టుకుని చీకట్లో నిలబడిపోయారు.

కాసేపటికి పసిబిడ్డ ఏడ్చింది. తల్లీ బిడ్డా క్షేమం. నర్సమ్మ నవ్వింది, భాగమ్మ ఏడుస్తూ నవ్వింది. అష్రఫున్నీసా మాత్రం దీపం తెచ్చానని ఖుర్షీద్‌కు చూపిస్తున్నట్టు గది మూలకు ఎత్తిపట్టింది.

"లాయీ బేటీ, బత్తీ లాయీ."

మూలన ఎవరూ లేరు. చెవులు రిక్కించి ఎంతసేపు నిలబడినా పిలుపు రాలేదు. అప్పుడు భోరుమంది. ఇన్నేళ్లుగా కూతురని మిగిలింది ఆ గొంతొక్కటే.

మర్నాడు పొద్దు గూకగానే రాజేందర్ తనే తాళం తీసి కందిలి ఇచ్చాడు. ఆమె దాన్ని తుడిచింది గానీ వెలిగించలేదు. చీకటి మూలన కూర్చుంది, పిల్ల మళ్లీ దీపమడుగుతుందేమోనని.