నీళ్లంటే భయమన్న మనిషి

మొన్న గోదావరిలో లాంచీ ఎక్కగానే ఆ డీజిలు వాసనకు, నాన్న ఉద్యోగం చేసిన దోహా గుర్తొచ్చింది. తొంభైలలో, నా చిన్నప్పుడు, వేసవి సాయంత్రాలు కార్నిష్ అనే సముద్రపు ఒడ్డు నుంచి ఎదురుగా ఉన్న చిన్న దీవికి పడవలు నడిచేవి. చీకటి పడితే దీవంతా రంగు దీపాలే. అక్కడ సెలవురోజైన శుక్రవారం మాత్రం కుటుంబాలనే ఎక్కించుకునేవారు, ఒంటరి మగవాళ్లను రానిచ్చేవారు కాదు.

ఒక శుక్రవారం నాన్న తన సైటులో పనిచేసే ధర్మపురి రాజన్నను మాతో తీసుకొచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని వచ్చాడు. పడవ దగ్గర కాపలావాడు ఆపితే నాన్న హిందీలో, "మా తమ్ముడు" అన్నారు. నేను వెంటనే బడిలో నేర్చిన హిందీలో, "కాదు, నాన్న సైటులో పనిచేస్తాడు" అని సరిదిద్దాను. అబద్ధమాడకూడదని చెప్పిన అమ్మే నా చెయ్యి గిల్లింది.

"మీరు పోయి రాండ్రి సార్. నాకు నీళ్లంటే భయం" అని రాజన్న నవ్వాడు.

తిరిగొచ్చేసరికి ఒడ్డునే కూర్చుని ఉన్నాడు. "దీవిల ఏమేమున్నయ్ బిడ్డా?" అని అడిగాడు. ఉయ్యాలలూ దీపాలూ అన్నీ వర్ణించాను. పాపం, పిరికివాడని జాలిపడి, "ఈసారి నా చెయ్యి పట్టుకో అంకుల్, ఏం కాదు" అని ధైర్యం కూడా చెప్పాను.

"గట్లనే బిడ్డా" అన్నాడు.

ధర్మపురి దగ్గర గోదావరిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదిన మనిషి రాజన్న అని నాన్న నాకు చెప్పింది చాలా ఏళ్ల తర్వాత.