ముందటి అర్ర కిరాయి

1967 జూన్ మొదటి సోమవారం పొద్దున పదిన్నరకు మా మరిది చెప్పులు విడవకుండానే మా ముందటి అర్రలోకి వచ్చి, లెక్కల పుస్తకంలో ఒక వరుస మీద వేలు పెట్టాడు. అది నేను రాసిన వరుస: ఇంటి కిరాయిలో దుకాణం వంతు, పది రూపాయలు.

మా ఆయన, వేరు కాపురం ఉన్న మరిది కలిసి మెదక్ బజారులో ఇనుప సామాన్ల దుకాణం నడిపేవారు. నాగలి కర్రులు, గొలుసులు, మేకులు. అక్కడ కూర్చుని రాసే జాగ లేదు. అందుకని లెక్కలు మా కిరాయి ఇంట్లో, వీధి వైపున్న ఈ ముందటి గదిలో సాగేవి. రాసేది నేను. ఏడో తరగతి దాకా చదివాను, కూడికలో తప్పు పోనిచ్చేదాన్ని కాదు. శివ్వంపేట, అల్లాదుర్గ్ నుంచి బాకీ కట్టడానికి వచ్చిన రైతులు కూడా అక్కడే కూర్చుని చాయ్ తాగేవారు. ఇంటికి నాలుగు అర్రలు, కిరాయి నలభై రూపాయలు. అందుకే నాలుగో వంతు దుకాణం పద్దులో వేశాను. కరెంటుకు, చాయ్ పత్తీకి, చక్కెరకు కూడా అట్లాగే.

మరిది అర్రంతా కలయజూశాడు. కిటికీ పక్కన మంచం మీద మా అత్త కునుకు తీస్తోంది.

"అమ్మ పంటె గూడ దుకాణమే కిరాయి గట్టాలెనా వదినె? ఆ మూలకున్న మామిడికాయ తొక్కు జాడీ ఎవరి పద్దు?"

"నీకు అమ్మ గాదా?"

"నాకు అమ్మనే. దుకాణానికి గాదు." నవ్వాడు. తరువాత నవ్వకుండా అన్నాడు: "బజార్ల మునీమును పెడత. లెక్కలన్ని ఆడనే రాస్తడు. నీకు గీ తిప్పలుండది."

మునీము వస్తే పుస్తకం నా చేతిలోంచి పోతుంది. బజారులో కూర్చుని రాయడానికి మా ఇంటి ఆడవాళ్లను ఎవరూ పంపరు.

"ఒక్క నెల ఆగు. అప్పుడొచ్చి చూడు. ఈ అర్రల ఇంటిది సూది కనవడ్డా పుస్తకం నేనే నీ చేతికిస్త" అన్నాను.

తొక్కు జాడీ వంటింట్లోకి పోయింది. చాయ్ పత్తీకి రెండు డబ్బాలు పెట్టాను, ఒకటి ఇంటికి, ఒకటి దుకాణానికి. రాత్రి ఈ అర్రలో బల్బు కింద చదివే పిల్లలను వంటింట్లో కందిలి ముందు కూర్చోబెట్టాను. పక్కింటి ఖాలా రోజూ మధ్యాహ్నం కుట్టుపని తెచ్చుకుని వచ్చేది. ఆమెను వెనక అర్రకు రమ్మన్నాను.

"అరే, ఇంట్ల సర్కారు దఫ్తర్ పెట్టినవా?" అని నవ్వింది. రెండు రోజులు వచ్చింది. గాలి ఆడటం లేదని మళ్లీ రాలేదు.

చివరికి అత్త మంచం మిగిలింది.

"ఉండనియ్యే, ఎవరడుగుతరు?" అన్నాడు మా ఆయన.

"నీ తమ్ముడు అడిగిండు గదా."

మంచం వెనక అర్రలో వేశాం. అక్కడ కిటికీ లేదు.

జులైలో మరిది వచ్చి బల్ల కింద చూశాడు, గూట్లో చూశాడు, చాయ్ డబ్బా మూత తీసి చూశాడు. కిరాయి వరుస పక్కన సంతకం చేశాడు.

"నీ అసొంటి మునీము పైసలిచ్చినా దొరకడు వదినె."

ఆ తరువాత దుకాణం నడిచినన్నాళ్లూ పుస్తకం నా దగ్గరే ఉంది.

శివరాత్రికి ఏడుపాయల జాతర బండ్లు మా వీధిలోంచే పోతాయి. ఏటా అత్త మంచం మీది నుంచే చూస్తూ, ఏ ఎద్దు కొమ్ములకు ఏ రంగు వేశారో మాకు చెప్పేది. ఆ ఏడు గజ్జెల చప్పుడు వినబడగానే వెనక నుంచి అడిగింది: "బండ్లు పోతున్నయా బిడ్డా?"

"పోతున్నయి. వచ్చి చూడుండ్రి అత్తమ్మా."

"వద్దు తియ్యి. అది దుకాణం జాగ. మళ్ల నీ లెక్క తప్పుతది."

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అంది. నేను పోయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసరికి బండ్లు దాటిపోయాయి, వీధిలో దుమ్ము మాత్రం ఉంది. మరుసటి శివరాత్రికి ఆమె లేదు.

వచ్చింది నెలకు పది రూపాయలు, కరెంటు, చాయ్ వంతు వేరే. పోయినవి: కిటికీ పక్క మంచం ఒకటి. పిల్లలు చదువుకునే బల్బు ఒకటి. పక్కింటి ఖాలా వచ్చే మధ్యాహ్నాలు అన్నీ. అత్త చూడవలసిన జాతర ఒకటి.