మేక బొమ్మలో చీమ

మా బాబాయ్‌కి బ్యానర్లు ప్రింటు చేసే షాపుంది. ఆయనకు బాగా వచ్చిన విద్య ఒక్కటే. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ మూలన గీసినవాళ్ళ సంతకం కనిపిస్తే, అక్కడ అసలేమీ లేనట్టు చెరిపేయడం. అందుకే బజారంతా ఆయన్ని తుడుపు బాబాయ్ అంటుంది. ఆయన దాన్ని బిరుదు అనుకుంటాడు.

అలాగని దొంగ అనడానికి నాకు నోరు రాదు. ఆ బొమ్మలంటే ఆయనకు ప్రాణం. నచ్చింది దొరికితే లేచి నిలబడి, చేతులు కట్టుకుని చూస్తాడు. “ఎవరు గీశారో గానీ, ఆ చేతులకి దణ్ణం పెట్టాలిరా” అంటాడు. అని, కూర్చుని, ఆ ఎవరో పేరు చెరిపేస్తాడు.

మొన్న కళ్ళజోళ్ళ షాపాయన పెద్ద బ్యానర్ కావాలన్నాడు. బాబాయ్ వెతికి వెతికి ఒక మేకను పట్టాడు. అది కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుతూ, చదివేసిన పేజీని నములుతోంది. బాబాయ్ పడీపడీ నవ్వాడు. మూలన చిన్న చీమ ఉంటే, మరకేమో అనుకుని తుడిచేశాడు. సాయంత్రానికల్లా మేక షాపు నెత్తికెక్కింది.

కాలేజీ నుంచి వస్తున్న బాబాయ్ కూతురు, అంటే మా చెల్లి, దాని కింద కొయ్యబారిపోయింది. ఆ మేకను గీసింది తనే. సంతకానికి బదులు చీమను వేసి నెట్‌లో పెడుతుంది. ఇంట్లో చెప్పలేదు. నాన్న తనంతట తానే చూసి మెచ్చుకోవాలని పిచ్చి ఆశ.

“నా చీమ ఏది నాన్నా?” అంది ఇంటికొచ్చి.

సంగతి తెలిసి బాబాయ్ ముఖం పాలిపోయింది. “నీదని తెలిస్తే ముట్టుకునేవాణ్ణా తల్లీ!”

“అంటే ఊళ్ళోవాళ్ళ పిల్లలు గీసిందైతే తుడిచేయొచ్చన్నమాట!”

ఇక ఆయనతో మాటలు బంద్. బొమ్మలు వేయడమూ మానేసింది. బాబాయ్‌కి ముద్ద దిగలేదు. మర్నాడే చీమను తిరిగి వేద్దామని నిచ్చెన, బ్రష్షు పట్టుకుని బయల్దేరాడు. కళ్ళజోళ్ళ షాపాయన అడ్డం పడ్డాడు.

“నా షాపు మీద చీమలేంటయ్యా?”

బాబాయ్‌కి ఎక్కడలేని తెలివి పుట్టుకొచ్చింది. “చీమ కనపడనివాళ్ళంతా మీ షాపులోకే వస్తారు సార్!”

ఆయన అడ్డు తప్పుకోవడమే కాదు, నిచ్చెన కూడా పట్టుకున్నాడు. కాసేపట్లో రోడ్డంతా జనం. చీమ కనపడనివాళ్ళు లోపలికెళ్ళారు. కనపడినవాళ్ళు కూడా అనుమానం తీరక వెళ్ళారు. ఒక పెద్దాయన రెండు చీమలున్నాయని పోట్లాడి, అందరికంటే మందమైన అద్దాలు తీసుకున్నాడు.

అప్పుడే చెల్లి వచ్చింది. “వేసేశాను చూడమ్మా! ఇకనైనా మాట్లాడవూ?” అన్నాడు బాబాయ్ నిచ్చెన మీది నుంచి.

చెల్లి చీమను చూసింది. తర్వాత వీధిని చూసింది. బేకరీ మీద ఎగిరే ఏనుగు, పళ్ళ డాక్టరు మీద నవ్వే మొసలి, అన్నీ బాబాయ్ ఎక్కించినవే.

“బాగుంది నాన్నా. మరి ఆ ఏనుగు ఎవరిది?”

“ఏమో తల్లీ.”

“పోనీ, మొసలి?”

బాబాయ్ వీధంతా కలియజూశాడు. ఒక్క పేరూ గుర్తుకు రాలేదు. అంత శుభ్రంగా తుడిచాడు మరి. నిచ్చెన మీదే వెక్కివెక్కి ఏడ్చాడు. కింద జనం మాత్రం, పాపం ఈయనకీ చీమ కనపడటం లేదనుకుని, మెల్లగా దింపి కళ్ళజోళ్ళ షాపులోకి నడిపించారు.