కరుణ మేడం ఐదు కుర్చీలు

బుధవారం మధ్యాహ్నం మూడవుతుందనగా మా కాలేజీ పై అంతస్తులో ఇనుప కుర్చీలు ఈడ్చే చప్పుడు మొదలవుతుంది. మొజాయిక్ నేల మీద ఇనుప కాళ్లు గీసుకుపోయే ఆ కీచు చప్పుడు చెవిన పడగానే నాకు భయమేస్తుంది. ఆ కుర్చీలు వేయించేది నేనే. వాటిలో కూర్చునే నలుగురూ నాకంటే చిన్నవాళ్లు, నేనంటే కాస్త జంకేవాళ్లు కూడా. అయినా ఆ పూట అన్నం సయించదు. తరగతిలో వందమంది ముందు గొంతు చించుకుని పాఠం చెప్పే మనిషిని, నలుగురి ముందు కూర్చోవడానికి రెండుసార్లు మంచినీళ్లు తాగి వెళతాను. ఈ భయం నాకు కరుణ మేడం దగ్గర పట్టుకుంది. ఆవిడను ఎరగనివాళ్లకు ఆవిడ గురించి చెప్పాలంటే ఈ భయం నుంచే మొదలుపెట్టాలి.

కరుణ మేడం గుణదలలో పుట్టి పెరిగిన మనిషి. బడిపంతులు కూతురు. రసాయనశాస్త్రం చెప్పేవారు. నేను విజయవాడకు దగ్గర్లోని ఒక విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టు మీద చేరేనాటికి ఆవిడ సైన్సు విభాగాలన్నిటికీ డీన్. సన్నగా, ఎప్పుడూ నూలు చీరలో, చేతిలో ప్లాస్టిక్ బుట్టతో, చూసేవాళ్లకు కూరగాయలకు బయలుదేరినట్టు కనిపించేవారు. ఒకే భవనంలో నలభైమందిమి పనిచేస్తున్నాం, ఎవరు ఏం చేస్తున్నారో పక్క గదివాళ్లకు తెలియదు, ఇది నాకు నచ్చలేదని మొదటి సమావేశంలోనే చెప్పారు. చీట్లు వేసి, వేరు వేరు శాఖలవాళ్లను ఐదుగురేసి చొప్పున గ్రూపులుగా విడగొట్టారు. బుధవారం బుధవారం కలవాలి. ఒకరు తమ పని తేవాలి, అదీ పూర్తికాని పనే. ఐదుగురే ఎందుకని ఎవరో అడిగితే, ఆరో మనిషి వచ్చాడంటే ఎవరో ఒకరు ఉపన్యాసం మొదలుపెడతారన్నారు.

మా ఆఫీసు అల్లాడిపోయింది. ఫ్లెక్సీ ఉండదట, బొకే ఉండదట, ఫొటో కూడా ఉండదట. శాలువా లేకుండా సమావేశం జరిగినట్టు ఫైల్లో ఎలా చూపించాలో సూపరింటెండెంటు గారికి ఎంతకీ అర్థం కాలేదు. కానీ అసలు కంగారు అది కాదు. ఆవిడ పెట్టిన పద్ధతి అందరినీ భయపెట్టింది. పని తెచ్చినవాళ్లు దాన్ని చదవకూడదు, ఇంకొకరు పైకి చదవాలి. చదువుతున్నంతసేపూ, అందరూ మాట్లాడేదాకా, రాసినవాళ్లు నోరు విప్పకూడదు. మాట్లాడటం అందరికంటే చిన్నవాళ్లతో మొదలుకావాలి, పెద్దవాళ్లు చివర మాట్లాడాలి. మా లోకంలో పూర్తికాని పని చూపించడమంటే తలుపు తీసిపెట్టి నిద్రపోవడమే. పెద్దవాళ్లు పరువు పోతుందని భయపడ్డారు. మాలాంటి కాంట్రాక్టువాళ్లం ఉద్యోగం పోతుందని భయపడ్డాం. మా గ్రూపులోకి మేడమే వచ్చారు. అందరికంటే చిన్నదాన్ని నేను.

నా వంతు వచ్చింది. అప్పుడు నేను దివిసీమలో బావి నీళ్ల మీద పని చేస్తున్నాను. సముద్రం పోటెత్తినప్పుడు ఉప్పునీరు మురుగుకాలువల్లోంచి ఊళ్లలోకి ఎగదన్నకుండా, ఒక ఊరి దగ్గర కాలువ నోటికి ఇనుప తలుపులు బిగించారు. తలుపులున్న ఊళ్లో బావి నీళ్లు తియ్యగా మారాయని, లేని ఊళ్లో ఉప్పగానే ఉన్నాయని నా లెక్కలు తేల్చాయి. పని మా శాఖాధిపతి గారిది, ఆయన పేరు ముందు, నా పేరు వెనుక. ఆ నివేదిక అధికారుల దగ్గరకు వెళితే మరో నాలుగూళ్లకు మంచినీళ్ల పథకం బదులు తలుపులే సరిపోతాయని తేలుస్తారు. నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టేదీ ఆయనే.

నా కాగితాలు చదివినాయన లెక్కల శాఖ సుబ్బారావు గారు. కూచిపూడి దగ్గర ఇంకా సొంత సేద్యం ఉన్న మనిషి. వార్తలు చదివినట్టు నిదానంగా చదువుతూ ఒకచోట ఆగారు. తలుపులు లేని ఊళ్లో పరీక్షకు నీళ్లు పట్టింది మే నెల చివర. తలుపులున్న ఊరికి వెళ్లడానికి నాకు అప్పట్లో జీపు దొరకలేదు, జూలైలో వెళ్లాను. ఆయన అద్దాలు పైకి జరుపుకుని నావైపు చూశారు.

"జూలైకి కాలవలకి నీళ్లొదిలేశారు కదమ్మా?"

అంతే. విజయవాడలో కుళాయి నీళ్లు తాగి పెరిగిన నాకు, కాలువలు పారితే చుట్టుపక్కల బావుల నీళ్లన్నీ వాటంతటవే తియ్యగా మారతాయన్న సంగతి ఆ క్షణం దాకా తట్టనేలేదు. డెల్టాలో ఏ రైతునడిగినా చెబుతాడు. నా బావులను బాగుచేసింది తలుపులు కాదు, కాలువ. నోరు విప్పకూడదన్న నియమం కూడా మరిచిపోయి, ఆ ఏడు ఆ కాలువకు నీళ్లు ఆలస్యంగా వదిలారండీ అన్నాను. పచ్చి అబద్ధం. సుబ్బారావు గారు అలాగా అని తలూపి చదవడం కొనసాగించారు.

ఆ తర్వాతి వారం రోజులు నేను పడ్డ భయం పగవాళ్లకు కూడా వద్దు. సుబ్బారావు గారు వరండాలో ఎదురైతే మెట్లు దిగిపోయేదాన్ని. ఊరికి ఫోను చేసి కనుక్కుంటారేమోనని ఒక భయం, కనుక్కోరేమో, నా అబద్ధం అచ్చయి నాలుగూళ్లవాళ్లు ఉప్పునీళ్లు తాగుతారేమోనని ఇంకో భయం. మేడం నన్ను చూసిన ప్రతి చూపులోనూ ఆవిడకు తెలిసిపోయిందనే అనిపించేది. ఒకసారి లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. ఆవిడ బాగున్నావా రమా అని అడిగితే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాతి బుధవారం మేడం వంతు. ఆవిడ బుట్టలోంచి ఒక పాత వ్యాసం తీశారు. కాగితం అంచులు పసుపెక్కి ఉన్నాయి. పూర్తికాని పని కదా తేవాల్సింది అని ఒకరంటే, ఇదీ పూర్తికాలేదండీ అన్నారు. చదవమని నా చేతికిచ్చారు. కొండపల్లి వైపు రెండు చెరువుల నీళ్ల మీద ఆవిడ వయసులో ఉన్నప్పుడు చేసిన పని. ఆ వ్యాసంతోనే ఆవిడకు పేరొచ్చిందని మా అందరికీ తెలుసు. మొదటి చెరువు అంకెలు చదివాను. రెండో చెరువు పట్టిక మొదలుపెట్టాక నాలుక తడబడింది. చదివిన అంకెలే మళ్లీ చదువుతున్నాను. దశాంశాలతో సహా అవే. కంటితో చూస్తే రెండు వేరు వేరు పుటలు, ఎవరికీ పట్టుబడవు. పైకి చదివితే చెవికి దొరికిపోతున్నాయి.

చదవడం ముగిసింది. ముందు మాట్లాడవలసింది నేను. ఫ్యాను తిరుగుతోంది, అందరూ నన్నే చూస్తున్నారు, ఎదురుగా ఉన్నది డీన్. బాగుందండీ అని ఊరుకుంటే పోయేది. ఎలా అన్నానో తెలియదు, "మేడం, రెండో చెరువు అంకెలు మొదటి చెరువువే" అన్నాను. సుబ్బారావు గారు పెద్దమనిషి తరహాలో, అచ్చు పొరపాటై ఉంటుందిలెండి అని దారి చూపించారు. మిగతా ఇద్దరూ అదే అయి ఉంటుందన్నారు. చివరికి మేడం వంతు వచ్చింది. ఆవిడ వ్యాసాన్ని నా చేతిలోంచి వెనక్కి తీసుకున్నారు.

"కాదండీ. రెండో చెరువు సీసా దారిలో పగిలిపోయింది. మళ్లీ వెళ్లలేక మొదటి అంకెలే కొద్దిగా కూడా మార్చకుండా ఎక్కించాను. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు."

ఆ వెంటనే నేనూ చెప్పేశాను. పోయిన వారం నేను చెప్పింది అబద్ధమని, కాలువలకు నీళ్లు వేళకే వదిలారని, నా లెక్క తప్పని. చెప్పి తేలికపడ్డానని రాస్తే అదీ అబద్ధమే. లేచి ఇంటికి ఎలా వెళ్లానో గుర్తులేదు.

భయపడ్డట్టే జరిగింది. శాఖాధిపతి గారు నన్ను ఒక్క మాట అనలేదు, నివేదిక వెనక్కి తీసుకున్నారు, ఆ ఏడు కాంట్రాక్టు పొడిగించినవాళ్ల జాబితాలో నా పేరు లేదు. ఏడాదిపాటు ఒక ఇంటర్ కాలేజీలో పొద్దున ఆరింటి నుంచి లెక్చర్లు దంచాను. మేడం తన వ్యాసం రద్దు చేయమని పత్రికకు ఉత్తరం రాశారు, డీన్ పదవి వదులుకోవలసి వచ్చింది. ఆవిడ వీడ్కోలు సభలో అందరూ ఆవిడ క్రమశిక్షణ గురించి మాట్లాడారట, వ్యాసం ఊసెత్తలేదట. కొత్త డీన్ గ్రూపులన్నిటినీ కలిపి ఒకే కమిటీ చేశారు. సూపరింటెండెంటు గారికి ఫ్లెక్సీ దొరికింది, శాలువాలు దొరికాయి.

నాకు ఇప్పటి ఉద్యోగం వచ్చిన కొన్నేళ్లకు గుణదలలో వాళ్లింటికి వెళ్లాను. కొండ కిందుగా సన్నటి సందులో చిన్న డాబా. టీ ఇచ్చారు, జీతం ఎంతో అడిగారు, పిల్లల సంగతి అడిగారు. ఇన్నేళ్లుగా లోపల పెట్టుకున్న మాట అప్పుడు అడిగాను. నా అబద్ధం ఆ రోజే పట్టుకున్నారు కదా, నాచేత చెప్పించడానికే కదా మీ వ్యాసం తెచ్చి నా చేతిలో పెట్టారు అని. ఆవిడ నా వంక వింతగా చూశారు.

"నాకేం తెలుసే? నాకు తెలియనే తెలియదు. నా తప్పు ఎవరైనా పట్టుకుంటే బాగుండనే ఆ గ్రూపులు పెట్టాను. ప్రతి బుధవారం ఆ వ్యాసాన్ని బుట్టలో వేసుకొచ్చి మళ్లీ పట్టుకెళ్లిపోయేదాన్ని. ఆ వేళ నీ మొహం చూస్తే నాకంటే ఎక్కువ భయపడుతున్నట్టున్నావు. నువ్వైతే నన్ను మరీ చీదరించుకోవనిపించి నీకిచ్చాను."

అప్పటిదాకా ఆవిడ నన్ను సరిదిద్దిన గొప్ప గురువని పదిమందికి చెప్పుకున్నాను. ఆవిడ నన్ను సరిదిద్దలేదు. భయపడుతూ, తనకంటే భయపడేవాళ్ల పక్కన వచ్చి కూర్చున్నారు.

మేడం పోయి మూడేళ్లయింది. మా కాలేజీలో ఇప్పుడు గ్రూపులు నాలుగు. నా వంతు వచ్చినప్పుడు నా కాగితాలు గదిలో అందరికంటే చిన్న అమ్మాయికి ఇస్తాను. ఆ అమ్మాయి ఎక్కడైనా ఒక్క క్షణం ఆగిందంటే చాలు, అడగకుండా ముందుకు వెళ్లిపోతే బాగుండనిపిస్తుంది. ఆ వెంటనే, అడగమ్మా అంటాను.