తోడు నంబర్

సూరత్ శివారులోని తుపాకీ షూటింగ్ రేంజ్ గేటు దగ్గర సోమలింగం కాపలా ఉంటాడు. కరోనాకు మరమగ్గం ఆగిపోయాక ఈ పనిలో చేరాడు. యూనిఫాం గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. వచ్చినవాళ్ల కళ్లలోకి చూడడు. నుదుటికి జ్వరం మిషను పెట్టి ఒకటే అడుగుతాడు: "తోడు ఎవరున్నరు?" ఆత్మహత్యల భయంతో, ఒంటరిగా వచ్చినవాళ్లకు తుపాకీ ఇవ్వకూడదని అక్కడి నియమం.

రెండో వేవ్ తగ్గాక ఒక మధ్యాహ్నం సూరత్‌లోని మగ్గాల పేట బమ్రోలి నుంచి పరుశురాం వచ్చాడు. ఒకప్పుడు ఇద్దరూ పక్కపక్క మగ్గాల మీద పనిచేశారు. "నా భార్య లత ఎనుక వస్తున్నది," అని రిజిస్టరులో ఆమె నంబరు రాశాడు. సోమలింగం ఆ నంబరుకు ఫోన్ చేశాడు. అది పరుశురాం చొక్కా జేబులోనే మోగింది.

"లత పోయిన నెల కరోనాతోని పోయింది తమ్మీ," అన్నాడు పరుశురాం. "జర లోపలికి పోనియ్యి."

"రూల్ ఒప్పదన్నా," అంటూ సోమలింగం అతన్ని రెక్క పట్టి రోడ్డు మీదికి నెట్టి, గేటు గొళ్లెం వేశాడు. సాయంత్రం మేనేజరు శభాష్ అంటే ఛాతీ ఉబ్బింది. ఇంటికెళ్లి భార్య రాజమ్మకు గొప్పగా చెప్పాడు.

"మరి ఆయన యాడికి పోయిండు?" అని ఆమె అడిగింది.

"గది మా రూల్ల లేదు," అని కంచం ముందుకు జరిపాడు సోమలింగం. "అన్నం పెట్టు."