పెరుగు మానేసిన పరుగువీరుడు

పిక్నిక్‌లో పరుగు పందెం ఓడిపోయినవాడు ఇంటికెళ్ళి కాళ్ళకు కాపడం పెట్టుకుంటాడు. నేను మాత్రం మా అత్తగారిని తిరుగు విమానం ఎక్కించినంత పని చేశాను. ఎలాగో చెబుతాను. భోంచేస్తూ మాత్రం చదవకండి, పొలమారుతుంది.

ఇక్కడ అమెరికాలో, ప్లేనో ఊళ్ళో ఇల్లు కొన్న కొత్తలో మాట. ఇక్కడి తెలుగు కుటుంబాల పిక్నిక్‌లో రిలే పందెం పెట్టారు. కాలేజీ రోజుల్లో నా పరుగు గురించి మా ఆవిడ మాధవి దగ్గర అప్పటికే చాలా కోతలు కోసి ఉన్నాను కాబట్టి తప్పించుకునే దారి లేకపోయింది. చివరి వంతు నాది. సగం దూరం వెళ్ళేసరికి తొడల్లో ఎవరో పొయ్యి రాజేసినట్టయింది. ఎలాగో గీత దాటి గడ్డిలో వెల్లకిలా పడ్డాను. ఆఫీసులో నా పక్క సీటు నరేష్ వంగి చూశాడు.

"ఏం కాలేదన్నా. లాక్టిక్ యాసిడ్ జమైంది. నాలుగు రోజులు ఉంటది."

మర్నాడు కమోడ్ మీద కూర్చోవడానికి కూడా గోడను బతిమాలుకోవలసి వచ్చింది. సరిగ్గా అప్పుడే స్కూలు పాఠం ఒకటి గుర్తొచ్చింది: పెరుగులో ఉండేది కూడా లాక్టిక్ ఆమ్లమే. ఒంట్లో ఉన్నది చాలక పైనుంచి ఇంకా పోసుకోవడమా? ఆ పూట నుంచే పెరుగు మానేశాను.

అప్పుడు మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చి మాతో ఉన్నారు. ఏసీ ఇంట్లో పాలు తోడుకోవని, గిన్నెకు తువ్వాలు చుట్టి, లైటు వేసిన అవెన్‌లో పెట్టేవారు. పెరుగు గడ్డలా వచ్చేది.

"కాస్త పెరుగు వేసుకోండి బాబూ."

"వద్దండీ."

మర్నాడు పాలు మార్చారు. ఆ తర్వాత ఇండియన్ స్టోర్ పెరుగు తెప్పించి తోడు మార్చారు. నేను "వద్దండీ" మార్చలేదు. కారణం చెబితే పందెం సంగతి కూడా చెప్పాలి, అది పరువు తక్కువ.

ఒక సాయంత్రం కారు దిగుతుంటే మాధవి గరాజ్‌లోనే పట్టుకుంది.

"అమ్మ టికెట్ ముందుకి మార్చమంటోంది. ఇక్కడ తన చేతి వంట నచ్చట్లేదని పిన్నితో ఫోన్లో చెబుతోంది. నువ్వేమన్నావ్?"

"ఏమీ అనలేదు. పెరుగు వద్దన్నాను."

"రోజూనా?"

పరిస్థితి చక్కదిద్దుదామని నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. "మీ పెరుగులో లోపమేం లేదండీ. అందులో యాసిడ్ ఉంది, అంతే."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "యాసిడా?"

"కొంచెమేలెండి."

ఆ పూట మా పాప కంచంలో కూడా పెరుగు పడలేదు. "అమ్మమ్మా, వై నో పెరుగు?" అని పాప అడిగితే, ఆవిడ పెరుగు గిన్నె ఫ్రిజ్‌లో పెట్టేసి వెళ్ళి పడుకున్నారు.

ఆ ఆదివారం మా వీధిలోనే ఉండే రిటైర్డ్ డాక్టరు రామచంద్రంగారు భోజనానికొచ్చారు. పెరుగు కోసం ఆయన అటూ ఇటూ చూస్తుంటే అత్తగారు నెమ్మదిగా చెప్పారు. "పెరుగులో యాసిడ్ ఉందని అల్లుడుగారు మానేశారండీ."

డాక్టరుగారు నావైపు తిరిగారు. నేను కథంతా చెప్పక తప్పలేదు. ఆయన నవ్వలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది.

"పరిగెత్తినప్పుడు నీ ఒంట్లో తయారైంది చెత్త కాదయ్యా. దాన్ని గుండె వాడుకుంటుంది, కండరాలూ వాడుకుంటాయి. మిగిలితే లివర్ మళ్ళీ గ్లూకోజ్ చేసేస్తుంది. గంటా గంటన్నరలో అంతా సర్దుకుంటుంది. గడ్డిలో పడుకోకుండా మెల్లగా నడిచుంటే ఇంకా త్వరగా పోయేది."

"మరి మర్నాటి నుంచి ఆ నొప్పులు?"

"అలవాటు లేని పని చేస్తే కండరాల్లో సన్నటి చిరుగులు పడతాయి. అవి అతుక్కోవడానికి ప్రోటీన్ కావాలి. పెరుగులో అది కూడా ఉంటుంది. దాని పులుపు పొట్ట దాటి నీ తొడల్లోకి వెళ్ళదు."

నా శరీరం ఆ యాసిడ్‌ను వృథా పోనివ్వకుండా పిక్నిక్ పూర్తయ్యేలోపే వాడేసుకుంది. నేను మాత్రం దాన్ని ఇంటికి మోసుకొచ్చి, మా అత్తగారి మనసులో పోశాను. నొప్పి నా కాళ్ళలో తగ్గుతూ వచ్చింది, ఆవిడకు పెరుగుతూ పోయింది.

"క్షమించండి అత్తయ్యగారూ. ముందే చెప్పాల్సింది," అన్నాను.

ఆవిడ గరిటె చేతిలోకి తీసుకున్నారు. "అయితే ఇన్నేళ్ళూ నేను గిన్నెలో యాసిడ్ తయారుచేస్తున్నానన్నమాట. మీ మావగారికి చెప్పాలి, ఇకనైనా కాస్త భయపడతారు."

అందరి సాక్షిగా ఆరోజే ప్రమాణం చేశాను: అత్తగారు గరిటె పట్టుకుని నిలబడ్డ చోట, బతికున్నంతకాలం, కెమిస్ట్రీ మాట్లాడను.