స్కానింగ్ గదిలో వడ్ల లెక్క

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. కర్ణాటకలో బళ్ళారి దగ్గర మా కంప్లి ఇంట్లో ఎవరైనా అలాంటిది చెబితే ఎప్పుడు, ఎక్కడ, ఇంకెవరు విన్నారు అని అడుగుతాను. మూడోదానికి చాలామంది దగ్గర జవాబుండదు. ఇప్పుడు చెప్పబోయేదానికి ఆ మూడో జవాబు ఉంది. అందుకే రాస్తున్నాను.

నాకు డెబ్బై దాటాయి. గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతోంది. ఎంత కారుతోందో తేలితేగాని, ఆపరేషన్ కావాలో మాత్రలతో సరిపోతుందో చెప్పలేనన్నాడు డాక్టరు. అది కొలవడానికి బళ్ళారిలో ఎమ్మారై తీయించుకోవాలి.

మొదటిసారి కుదరలేదు. ఆ యంత్రం గుండె కొట్టుకునే తీరును చూసుకుంటూ, ఆ లయకు సరిగ్గా ఫోటో తీస్తుంది. అందుకని ఎదమీద బిళ్ళలు అంటించి తీగలు తగిలిస్తారు, వేలికి క్లిప్పు పెడతారు. చెప్పినప్పుడు ఊపిరి వదిలి, మళ్ళీ చెప్పేదాకా బిగబట్టాలి. నా గుండె లయ తప్పింది, ఊపిరి నిలవలేదు. ఫోటోలన్నీ అలుక్కుపోయాయి.

ఇంకొక్కసారి చూస్తామన్నారు. అప్పుడూ కాకపోతే బెంగళూరు పోయి తొడ నరంలోంచి గుండెదాకా గొట్టం వేయించుకోవాల్సిందే. మూత్రపిండాలు అంతంతమాత్రంగా ఉన్న నాకు, ఆ గొట్టంతో ఎక్కించే మందు మంచిది కాదు. అది తెలిసీ తల ఊపి వచ్చాను. వాదించే ఓపిక లేదు.

రెండోసారి నా తోటికోడలు సరోజ తోడొచ్చింది. బస్సులో దారి పొడుగునా ఇద్దరమూ నిద్రపోయాం. ఆసుపత్రిలో నా గాజులు, గొలుసు కొంగున ముడి వేసుకుంటూ, "అక్కా, ఈసారన్నా మిషను చెప్పినట్టు ఇను. ఇంట్లో మాదిరి దానికి నువ్వు చెప్పబాక" అంది.

యంత్రం లోపల మోత మొదలైంది. చెవులకు పెట్టిన హెడ్‌ఫోన్‌లో రికార్డు గొంతు కన్నడంలో ఊపిరి వదలమంది, బిగబట్టమంది. బిగబట్టాను. అప్పుడు ఆ మోత అడుగునుంచి ఇంకో గొంతు వినిపించింది.

"లాభం."

మావైపు వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఆ గొంతు మా అత్తది. కళ్ళంలో మేము గంపలు మోస్తుంటే లెక్క ఆమెది. లాభం, రెండు, మూడు అని పది దాకా పోయి, "ఇంగ దించు" అనేది. ఆ మాట వస్తేనే మాకు నడుం వాల్చే సందు. పొట్టు దుమ్ముకు ఆరు దగ్గర ఆమెకు ఎప్పుడూ గొంతు అడ్డం పడేది. దగ్గి, ఏడు అనేది. ఆమె పోయి పాతికేళ్ళు దాటింది.

లెక్క సాగింది. ఆరు దగ్గర దగ్గు వచ్చింది. నాకు భయం వేయలేదు. గంప ఇంకా నెత్తిమీదే ఉన్నట్టు ఆ పాత అలసటే వచ్చింది. పది అయ్యాక "ఇంగ దించు" అని వినపడింది. ఊపిరి తీసుకున్నాను. ఆ వెనకే రికార్డు గొంతు కూడా తీసుకోమంది. బిగబట్టిన ప్రతిసారీ ఇలాగే జరిగింది.

ఇంతవరకే అయితే రాసేదాన్ని కాదు. అలసిన ముసలి మెదడు అనుకుని ఊరుకునేదాన్ని.

బల్ల బయటికి జరిగాక, మిషను నడిపే అతను వచ్చి తీగలు తీస్తూ, వచ్చీరాని తెలుగులో అడిగాడు. "ఏనమ్మా, ఊపిరి పట్టండి అంటే లెక్క పెడతా పడుకొంటిరి? లాభ, రెండు అంటా. మధ్యలో దగ్గేది వేరే. మైకులో అంతా ఇనపడె."

నేను నోరు తెరవలేదన్నాను.

"మరి లోపల ఇంకెవరుండారమ్మా? ఆపేద్దామనుకొంటిని. ఫోటో శుద్ధంగా వస్తాండాదని ఊరకుంటిని."

మాట్లాడితే ఎద కదులుతుందనీ, దగ్గితే అసలే పనికిరాదనీ అతనే చెప్పాడు. అయినా ఒక్క ఫోటో చెడలేదు. ఊపిరి బిగబట్టిన ప్రతిసారీ నా గుండె కూడా సమంగా కొట్టుకుందట. పక్కగది శబ్దమేమో అని అడిగాను. ఆ మైకు నా తల దగ్గరిది మాత్రమే అన్నాడు. ఆ తర్వాత నా మొహంకేసి చూడకుండా తీగలు చుట్టి పక్కన పెట్టాడు.

కారుతున్న రక్తం ఎంతో లెక్క తేలింది. ప్రస్తుతానికి మాత్రలు చాలన్నాడు డాక్టరు. బెంగళూరు తప్పింది.

సరోజకు అంతా చెప్పాను. ముడి విప్పి గాజులు నా చేతికి ఎక్కిస్తూ, "సచ్చినా మనల్ని కూకోనియ్యదా ముసిల్ది" అంది.

మొన్న మధ్యాహ్నం ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని చూశాను. ఊపిరి వదిలి, బిగబట్టి, మనసులో లాభం అని మొదలుపెట్టాను. ఆరు దాటలేకపోయాను. ఆ రోజు అన్నిసార్లు పది దాకా ఎట్లా మోశానో నాకు తెలియదు.

ఈసారి ఎవరూ దించమనకుండానే దించేశాను.